పచ్చడి చివర వడ్డించిన సువార్తమ్మ

2001లో గుంటూరు దగ్గరి ఒక విశ్వవిద్యాలయంలో నేను డైటీషియన్‌ను. అధిక బరువున్న హాస్టల్ విద్యార్థులకు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. ఆ ఏడాది ఏడుగురు నా దగ్గరికి వచ్చారు. వారిలో వినుకొండ కుర్రాడు రవీంద్ర నూట నాలుగు కిలోలు. మూడో అంతస్తులోని ల్యాబ్‌కు వెళ్లాలంటే రెండుసార్లు మెట్ల మీద కూర్చునేవాడు.

అందరికీ డైట్ చార్టులు, అంటే ఏ పూట ఏం తినాలో రాసిన పట్టికలు, ఇచ్చాను. ఓట్స్, యాపిల్, బ్రౌన్ బ్రెడ్ రాశాను. గది దాటగానే ఒకడు అనడం వినిపించింది.

"ఒరేయ్, మన మెస్‌లో అరటిపండే ఆదివారం పెడతారు. ఈయన యాపిల్ రాశాడేంట్రా!"

రెండు నెలలు ఎవరి బరువూ కదల్లేదు. ఆ తర్వాత ఏడుగురూ తగ్గడం మొదలుపెట్టారు. నా చార్ట్ పనిచేసిందని పొంగిపోయాను. ఒకరోజు రవీంద్ర తూకం మీంచి దిగి, చెప్పులైనా వేసుకోకుండా మెస్ వైపు పరుగెత్తాడు. వెనకాలే వెళ్లాను. "పిన్నీ, తొంభై ఎనిమిది!" అని వడ్డించే సువార్తమ్మకు చెబుతున్నాడు.

ఏం చేశావని ఆమెను అడిగాను.

"ఏముందండి సారూ! ఆకలి మీద ముందే పచ్చడీ నెయ్యీ వేస్తే కుర్రోళ్లు అన్నం లాగించేస్తారు. అందుకని ముందు కూర నిండుగా వేస్తున్నా. పచ్చడి ఆఖర్న, మజ్జిగన్నంలో నంజుకోడానికి. ఏదీ మానిపించలేదండి, వరస మార్చానంతే."

నేను పుస్తకాల్లో చూడనిది ఆమె గరిటె పట్టుకుని చూసింది. సంతోషించవలసింది పోయి కుళ్లుకున్నాను. నా గదిలో తూగి, ఆ అంకె ఆమెకు చెప్పడానికి పరుగులా? ప్రతి వారం తలుపు బయట "పిన్నికి చెప్పాలి" అన్న మాట వినిపిస్తే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

చివరికి వార్డెన్ దగ్గరికి వెళ్లాను. "సువార్తమ్మ పిల్లలకు కడుపు నిండా పెట్టడం లేదండి. ఎవరైనా కళ్లు తిరిగి పడితే మాట మనకొస్తుంది" అన్నాను. అది అబద్ధం. మర్నాడే ఆమెను వడ్డన నుంచి తీసి, వెనక కూరగాయలు తరిగే పనిలో వేశారు. పచ్చడి మళ్లీ ముందుకొచ్చింది. వేసవి సెలవుల నాటికి రవీంద్ర నూరు దాటాడు. మెట్ల మీద కూర్చుని రొప్పుతూ కనిపించాడు. నా దగ్గరికి రావడం మానేశాడు.

తర్వాత ఎన్నో కాలేజీల్లో ఈ వడ్డన వరసను నా పద్ధతిగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అది నాది కాదు, సువార్తమ్మది. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

ఆ వేసవి సెలవులకు ముందు ఆఖరిసారి చూసినప్పుడు ఆమె గోరుచిక్కుళ్లు తుంచుతోంది. చాడీ చెప్పింది ఎవరో ఆమెకు తెలియదు.

"నా సంగతి పోనివ్వండి సారూ. ఆ వినుకొండ అబ్బాయికి పచ్చడి ముందు వెయ్యొద్దని మీరైనా వార్డెన్ గారికి చెప్పండి. మీ మాటైతే వింటారు."

"చెప్తానమ్మా" అన్నాను. చెప్పలేదు.

ఎవరి చేతి మీదుగా అయినా సరే, మన దగ్గరికొచ్చినవాడు బాగుపడాలి. మా వృత్తిలో పని అంటే అదే. ఆ రోజు వార్డెన్‌తో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, నేనూ ఆ పని చేసినవాణ్ని అయ్యేవాణ్ని.