దిగనన్న యజమాని, దిగిపోయిన బండి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాతి వేసవిలో నన్ను స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా ఇబ్రహీంపట్నం బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగ్ అదే. గుంటూరు వైపు నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు కదా అని సంతోషంగానే చేరాను. అగ్నిమాపక శాఖ అంటే జనానికి మంటలు, నీళ్ళే గుర్తొస్తాయి. నిజానికి మాకు వచ్చే పిలుపుల్లో మంటలు లేనివీ ఎన్నో ఉంటాయి. బావిలో పడ్డ గేదె, లిఫ్టులో ఇరుక్కున్న ముసలామె, నుజ్జయిన లారీ కేబిన్‌లో చిక్కుకున్న డ్రైవరు. వీటిని మేము రెస్క్యూ కాల్ అంటాం. నేను చెప్పబోయేది అలాంటి ఒక కాల్ గురించి.

ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బొంగ్లూరు వైపు సాగర్ రోడ్డు పక్కన ఒక పంక్చర్ దుకాణం ముందు పెద్ద కారు కింద మనిషి పడ్డాడన్నారు. బండి తీశాం. నాతో లీడింగ్ ఫైర్‌మన్ యాదగిరి, ముగ్గురు ఫైర్‌మన్లు ఉన్నారు. లీడింగ్ ఫైర్‌మన్ అంటే సిబ్బందిని పనిలో నడిపించేవాడు. ఆజ్ఞ నాదైతే, దాన్ని చేతల్లో పెట్టేది అతను. యాదగిరిది కోహెడ. మాట తక్కువ మనిషి, చెయ్యి నమ్మకమైనది.

మేము చేరేసరికి జనం గుమిగూడి ఉన్నారు. సగం మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. నల్లటి పెద్ద ఎస్‌యూవీ ముందు ఎడమ మూల నేలకు వాలి ఉంది. ఆ మూలన చక్రం లేదు. బండి కింద నుంచి ఒక మనిషి నడుమూ కాళ్ళూ మాత్రమే కనబడుతున్నాయి. పేరు ఖాసిం అనీ, దుకాణం అతనిదేననీ పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్న అతని భార్య రబియా చెప్పింది. ఊడదీసిన చక్రాన్ని అతను అలవాటు కొద్దీ బండి కిందికి తోసి పెట్టుకున్నాడు. జాకీ సరిచేయడానికి కిందికి దూరినప్పుడు జాకీ ఒరిగి, బండి వచ్చి ఆ చక్రం మీద ఆగింది. లేకపోతే మేము వెళ్ళి చేసేది ఏమీ ఉండేది కాదు. అయినా భుజం, రొమ్ము ఒక పక్క అంచు కింద నలుగుతున్నాయి.

నేను నేల మీద పడుకుని పిలిచాను. కాళ్ళు తెలుస్తున్నాయా అని అడిగాను.

“తెలుస్తున్నయి సార్. ఊపిరే ఆడ్తలేదు,” అన్నాడు ఖాసిం.

అలా పడుకుని ఉండగానే నాకు ఇంకొకటి తెలిసింది. బండి ఇంజన్ నడుస్తోంది. ఏసీ నీళ్ళు బొట్లుబొట్లుగా కారి రోడ్డు తడిసి ఉంది. లేచి చూస్తే వెనక సీట్లో ఒక పెద్దమనిషి కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తన బండి కింద ఒక మనిషి నలిగిపోతుంటే, అతను లోపల చల్లగా కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో ఎన్నో చూశాను. ఇంత నిదానంగా ఉన్న మనిషిని మాత్రం చూడలేదు.

ఇక్కడ ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి. మామూలు కారుకు ఉక్కు స్ప్రింగులుంటాయి. ఇలాంటి ఖరీదైన బండ్లలో కొన్నింటికి వాటి బదులు నాలుగు మూలలా గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. ఒక్కో మూల నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో సెన్సర్లు కొలుస్తుంటాయి. ఒక మూల ఎత్తుగా ఉందనిపిస్తే లోపలి కంప్యూటర్ అక్కడి గాలి వదిలేస్తుంది, తగ్గిందనిపిస్తే నింపుతుంది. ఎవరూ చెప్పకుండానే బండి తనను తాను సమంగా ఉంచుకుంటుంది. ప్రయాణానికి ఇది సుఖమే. జాకీ మీద ఉన్నప్పుడు మాత్రం ఇదే ప్రాణాంతకం. మనం ఒక మూలను ఎత్తుతాం, బండి ఆ ఎత్తును తప్పుగా లెక్కించి దింపబోతుంది. ఆ కదలికకు జాకీ పక్కకు ఒరిగిపోతుంది. అందుకే జాకీ పెట్టే ముందు ఈ ఏర్పాటును నిలిపివేయాలి, ఇంజన్ ఆపాలి, మనుషులు దిగాలి. బండితో ఇచ్చే పుస్తకంలో ఈ మాట ఉంటుంది. హైదరాబాద్‌లో మాకిచ్చిన రెస్క్యూ శిక్షణలోనూ చెప్పారు.

యజమానిని దిగమన్నాను. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండా వేలు చూపించి ఆగమన్నాడు. నేను ఆగలేదు. తలుపు తీస్తే బండి కదిలే ప్రమాదం ఉన్నా, లోపల మనిషి ఉండగా ఎత్తడం అంతకన్నా ప్రమాదం. అందుకని ముందు యాదగిరి చేత బండి అంచు కింద నాలుగు వైపులా చెక్క దిమ్మెలు ఇరికించాను. దీన్ని ప్యాకింగ్ అంటాం. బండి ఎంత దిగాలనుకున్నా ఆ దిమ్మెలను దాటి దిగలేదు. తర్వాత కుడి వైపు తలుపు నేనే తీసి, దిగండి అని రెండోసారి చెప్పాను. దిగాడు. ముందు అడిగింది ఖాసిం ఎలా ఉన్నాడని కాదు.

“గింత రచ్చ ఎందుకు సారూ? డ్రైవర్ బటన్ నొక్కితే బండి తనే లేస్తది. కొత్త బండి, జర గీతలు పడకుంట చూడుండ్రి.”

వినడానికి తెలివైన మాటలాగే ఉంటుంది. జనంలో కూడా ఇద్దరు ముగ్గురు అవునవునన్నారు. కానీ బటన్ నొక్కితే ఏ మూల ముందు లేస్తుందో, ఏ మూల ముందు దిగుతుందో నొక్కినవాడికి తెలియదు. చక్రమే లేని మూలను ఆ కంప్యూటర్ ఏమనుకుంటుందో అంతకన్నా తెలియదు. ఒక మనిషి రొమ్ము మీద ఆ ప్రయోగం చేయడానికి నేను ఒప్పుకోలేదు. బయట నిలబడ్డ డ్రైవరు చేత ఇంజన్ ఆపించాను. అతని దగ్గర కీ తీసుకున్నాను. ఇవి జేబులో ఉన్నా పనిచేసే తాళాలు, బండి దగ్గరికి వస్తే చాలు అది మేల్కొంటుంది. కాబట్టి ఉన్నవన్నీ ఇవ్వండి అని యజమానిని కూడా అడిగాను. లేదన్నట్టు తల ఊపాడు. డ్రైవరు ఇచ్చిన కీని ఒక ఫైర్‌మన్‌కిచ్చి రోడ్డు అవతలికి పంపించాను.

ఎత్తడానికి ఇంకో అడ్డంకి ఉంది. ఆ బండికి పక్కన ఎక్కడానికి పొడుగాటి ఫుట్‌బోర్డు బిగించి ఉంది. జాకీ పట్టవలసిన గట్టి అంచును అది మూసేసింది. బోల్టులు విప్పుతూ కూర్చునే వ్యవధి లేదు. హైడ్రాలిక్ కట్టర్‌తో కోయమన్నాను.

యజమాని అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. “అది కోస్తే నేను ఊకోను. మీ పై సార్లు అందరు నాకు ఎరుకే,” అన్నాడు.

నాకు ఆ క్షణాన వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. రబియా మాత్రం అతని వైపు తిరగలేదు. భర్త చెయ్యి పట్టుకునే నాతో అంది: “మా ఇంటాయన ముందుగాలనే చెప్పిండు సార్, దిగుండ్రి, బండి బందు చేయుండ్రి అని. ఎండ ఉంది, గట్లనే చెయ్ అన్నరు.”

డ్రైవరు తల దించుకున్నాడు. అవునా అని అడిగితే, “అవ్ సార్. నేను గుడ చెప్పిన. వినలేదు,” అన్నాడు మెల్లగా.

యాదగిరి నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. కట్టర్ పట్టుకుని ముందుకు నడిచాడు. యజమాని పక్కకు తప్పుకున్నాడు.

ఫుట్‌బోర్డు తెగి పడ్డాక రెండు హైడ్రాలిక్ జాకీలు పెట్టాం. పద్ధతి ఏమిటంటే కొంచెం ఎత్తాలి, ఎత్తిన మేరకు దిమ్మె తోయాలి, మళ్ళీ కొంచెం ఎత్తాలి. ఎప్పుడూ జాకీని నమ్మి మనిషి మీద చెయ్యి వేయకూడదు, దిమ్మెనే నమ్మాలి. అలా నెమ్మదిగా అంచు ఖాసిం రొమ్ము మీద నుంచి లేచింది. అతను ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినబడింది. వీపు కింద పట్టీ వేసి లాగడానికి ఇద్దరు ఫైర్‌మన్లు సిద్ధమయ్యారు.

అప్పుడు బుస్సుమని చప్పుడైంది. గాలి వదిలిన చప్పుడు.

ముందు భాగం కిందికి దిగింది. దిమ్మెలు కిరకిరలాడాయి. ఒక జాకీ బరువు తప్పి పక్కకు పడిపోయింది. బండి దిమ్మెల మీద కూర్చుని ఆగిపోయింది. ఖాసింకూ అంచుకూ మధ్య అరచెయ్యి మందం జాగా మిగిలింది. ఆ జాగా చూసి యాదగిరి, “లాగుండ్రి” అన్నాడు. లాగారు. ఖాసిం బయటికి వచ్చాడు.

నేను అవతలి వైపుకు పరుగెత్తాను. వెనక తలుపు తెరిచి ఉంది. యజమాని నడుం దాకా లోపలికి వంగి సీటు మీది బ్యాగు తీసుకుంటున్నాడు. ఇంకో కీ మీ దగ్గరుందా అని అడిగాను.

“ఉంటది. నా బండి కద,” అన్నాడు.

అంతే. తడబాటు లేదు, తప్పు చేశానన్న ముఖం లేదు. నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, డ్రైవర్‌ది ఇచ్చాం కదా అన్నాడు. అతని చేతిలోని కీ లాక్కుని అక్కడికి వచ్చిన ఎస్సైకి అప్పగించాను. యూనిఫాంలో ఉండి ఒక పౌరుడి చేతిలోది లాక్కోవడం నా సర్వీసులో అదొక్కసారే. ఈ రోజుకీ దానికి నేను చింతించడం లేదు.

ఖాసింకు మూడు పక్కటెముకలు, భుజం ఎముక విరిగాయి. పెద్ద దవాఖానలో చాలా రోజులు ఉన్నాడు. బతికాడు. కుడి చెయ్యి భుజం పైకి లేవదు.

తర్వాత జరిగింది నన్ను ఇంకా మండించింది. యజమాని మా పై అధికారికి ఫిర్యాదు చేశాడు. ఫుట్‌బోర్డు కోశారు, తలుపు కింద రంగు పోయింది, అందరి ముందు దురుసుగా ప్రవర్తించారు అని. అందులో ఖాసిం పేరు లేదు. ఒక మనిషి కింద ఉన్నాడన్న మాట కూడా లేదు. చదివినవారికి మేము నిలబడి ఉన్న బండిని సరదాకు కోశామనిపిస్తుంది. పోలీసుల దగ్గర డ్రైవరు మాట మార్చాడు. పంక్చర్ దుకాణం జాకీ పాతదన్నాడు. అతని పరిస్థితి నాకు తెలుసు, అతన్ని నేను ఏమీ అనను. ఆ మాట అతని నోట పెట్టినవాడి సంగతే నాకు మింగుడుపడలేదు.

అధికారి నన్ను పిలిచి, కోయకుండా ఎత్తే మార్గం లేదా అని అడిగారు. ఉంది, బోల్టులు విప్పి ఎత్తవచ్చు, కానీ అప్పటికి శవాన్ని తీసేవాళ్ళం అని చెప్పాను. నేను చేరేసరికి ఇంజన్ నడుస్తున్నదనీ, యజమాని లోపలే కూర్చుని ఉన్నాడనీ, రెండో కీ దాచాడనీ అక్కడా చెప్పాను, పోలీసులకూ చెప్పాను. యాదగిరి కూడా అదే చెప్పాడు. జనం తీసిన వీడియోల్లో ఆ తలుపు తెరవడం, బండి దిగడం స్పష్టంగా ఉన్నాయి. ఫిర్యాదును పక్కన పెట్టారు. యజమాని మీద నిర్లక్ష్యం కేసు నమోదైంది. నేను రిటైరయ్యే నాటికి అది వాయిదాల్లోనే ఉంది.

రబియా దుకాణం మూయలేదు. చక్రాలు విప్పే పనికి తన తమ్ముణ్ణి పెట్టుకుంది. ఒకసారి అటు వెళ్తూ ఆగాను. ఆ బండి ఆయన ఎప్పుడన్నా వచ్చాడా అని అడిగితే, ఆమె పని ఆపకుండా, “ఎందుకొస్తడు సార్?” అంది.

మిగిలిన సర్వీసులో నేను మా సిబ్బందికి నేర్పింది ఇదే. పెద్ద బండి కింద మనిషి ఉంటే మొదట దిమ్మెలు, తర్వాత తాళాలన్నీ, తర్వాత బండి తాలూకు మనుషులంతా దూరంగా, ఆ తర్వాతే జాకీ. యజమాని లేదన్నా జేబులు చూపించమనాలి. కింద మనిషి ఉన్నాడని బండికి తెలియదు, దానికి కట్టడి పుస్తకంలో ఉంది. తెలిసీ తలుపు తీసేవాడికి ఏ పుస్తకంలోనూ కట్టడి లేదు. అతన్ని ఆపడం కూడా మా ఉద్యోగంలో భాగమే.