తీసేసే బటన్ లేని లిస్టు

మా కులదేవత గుడి పుళ్ళి నోటుబుక్కును ఫోనులోకి ఎక్కించమని అడిగింది గుడి పెద్ద అయిన మా పెదనాయనే. నేను అడగలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఊళ్ళో అందరూ నేనే పనిగట్టుకుని తలదూర్చానన్నారు.

పుళ్ళి అంటే ఇళ్ళ జాబితా. పొంగలి నాడు అది చూసి ఒక్కో ఇంటి మగవాడి పేరు పిలుస్తారు. పిలిచినవాడు ముందుకొచ్చి కొబ్బరిచిప్ప, తాంబూలం అందుకుంటాడు. నాన్న పోయిన ఏడే మా ఇంటి వరుస కొట్టేసి, మమ్మల్ని పెదనాయన ఇంటి కింద కలిపేశారు. తమిళనాట కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి చేను దున్నించేది, మినుములు చల్లేది, కోయించేది అమ్మ. పిలుపు మాత్రం పెదనాయనకు.

నేను అప్పుడు రోజూ బస్సెక్కి విరుదునగర్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే కోర్సుకు వెళ్తున్నాను. "కంప్యూటర్ సదువుతా ఉండావు కదా, ఈ నోట్టు సెదలు తినేసినాయి. పోన్లో ఏసియ్యమ్మా" అన్నాడు పెదనాయన. నా మొదటి ప్రాజెక్టు అదే అయింది. పెద్ద పనేం కాదు. వివరాలు నింపే ఒక ఫారం, సేవ్ బటన్, కింద పేర్ల లిస్టు. మాకు తెలుగు నోట్లోనే గాని రాతలో లేదు కాబట్టి అక్షరాలన్నీ తమిళమే. నోటుబుక్కులో ఉన్న గళ్ళే ఫారంలోనూ పెట్టాను: ఇంటిపేరు, మగదిక్కు పేరు, ఊరు. ఏ గడీ ఖాళీగా వదలకూడదని నియమం కూడా రాశాను.

సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి మా ఇంటి వివరాలే కొట్టాను. మగదిక్కు గడి దగ్గర చేయి ఆగిపోయింది. ఖాళీగా వదిలి సేవ్ నొక్కితే ఎర్రక్షరాలు వచ్చాయి, ఈ గడి నింపాలని. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. నోటుబుక్కులో ఆ అన్యాయం రాసింది ఎవరో తాతలు. ఇక్కడ రాసింది నేను. ఒళ్ళు మండింది. ఆ గడి పేరు చెరిపేసి 'ఇంటి పెద్ద' అని పెట్టాను. అమ్మ పేరు కొట్టి నొక్కాను. సేవ్ అయింది. అంత తేలికైన పనికి ఇన్నేళ్ళు పట్టింది!

మర్నాడు పెదనాయనకు చూపించాను. లిస్టును వేలితో జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"ఇదెవురు సేర్చింది?"

"నేనే పెదనాయనా."

"ఆడదాని పేరు పుళ్ళిలో రాసేది మన వళక్కంలో, ఆచారంలోనే లేదు. తాతకే దగ్గులు నేర్పిస్తావా? తీసెయ్."

"తీసేదానికి బటన్ లేదు పెదనాయనా. ఆ పాటం ఇంకా సెప్పలేదు."

అబద్ధం కాదు. చేర్చడం, చూపించడం వరకే అప్పటికి నేర్పారు. తీసేయడం ఆ మరుసటి వారం నేర్పారు. క్లాసుకిచ్చిన ప్రాజెక్టులో ఆ బటన్ పెట్టాను. గుడి లిస్టులో పెట్టలేదు. పెదనాయన రెండుసార్లు కబురు చేశాడు. పెట్టనని రెండుసార్లూ కబురు పంపాను.

పొంగలి నాడు ఆయన ఫోను చూస్తూ మైకులో పేర్లు పిలిచాడు. మా వరుస రాగానే దాన్ని దాటేసి, కింది పేరు చదివేశాడు. నేను లేవబోయాను. నాకంటే ముందే అమ్మ లేచింది. పొంగలి కుండ దించిన మసిచేతులతోనే వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

"బావా, నడుమ ఒక పేరు ఇడిసిపెట్టినావు."

ఆయన మైకు పక్కకు తిప్పి, గొణుగుతున్నట్టు ఆ పేరు చదివాడు.

"మైకులో సదువు బావా."

చదివాడు. మా ఊళ్ళో అమ్మను ఫలానావాళ్ళ కోడలనీ, ఫలానావాడి పెళ్ళామనీ అనేవాళ్ళే గాని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నేను బుద్ధెరిగాక ఆ పేరు ఊరి నడుమ వినబడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు. కొబ్బరిచిప్ప అందుకుంది. భర్త లేనిదానికి తాంబూలం ఇవ్వరని తెలిసి కూడా చేయి వెనక్కు తీసుకోలేదు. అది కూడా చేతిలో పెట్టేదాకా అక్కడే నిలబడింది.