నలుగురి వరకే

మా బ్లాకు తొమ్మిదో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు మంగళవారం ఉదయం పోయారు. గుండెపోటు. ఆయన భార్య ఫోన్ చేసి, "మాస్టారు వెళ్ళిపోయారు బాబూ. సాయంత్రం దాకా కింద ఉంచుతారు. పాపని కూడా తీసుకురా" అన్నారు. పాప అంటే మా అమ్మాయి. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుంది.

ఆయన పేరు రాయడం లేదు. ఆంటీ ఇకముందు కూడా సింగపూర్‌లో, ఈ టాంపినీస్ పేటలో, ఆ ఫ్లాట్‌లోనే ఉండాలి.

మాస్టారు పుట్టింది సింగపూర్‌లోనే. వాళ్ళ నాన్న విశాఖ వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చారట. ఆయన తెలుగులో అరవమూ మలయూ కలిసిపోయి ఉండేవి. ఎదురుపడితే "మకాన్ అయిందా?" అని అడిగేవారు, భోజనం చేశావా అని. వయసులో ఉండగా బడిలో లెక్కలు చెబుతూ ప్రతిపక్షం సభల్లో మాట్లాడేవారు. ఒకరోజు బడి నుంచే తీసుకెళ్ళారు. విచారణ లేకుండా ఆరేళ్ళు నిర్బంధంలో ఉంచారు. బయటికి వచ్చాక ఏ బడీ ఆయన్ని చేర్చుకోలేదు. ట్యూషన్లు చెప్పి బతికారు.

నేను సింగపూర్ వెళ్ళేసరికి ఐ.టి. ఉద్యోగాలు జోరు మీదున్నాయి. మా బ్లాకులో నెలకో తెలుగు కుటుంబం దిగేది. పిల్లలందరూ మాస్టారి దగ్గరికే. జవాబు సరిగా ఉన్నా, ఎలా వచ్చిందో రాయకపోతే ఆయన మార్కులు వేసేవారు కాదు. "ఆన్సర్ కరెక్టే కదా అంకుల్, సో స్ట్రిక్ట్ లా" అని మా అమ్మాయి సింగపూర్ యాసలో గొణిగేది. ఆయన నవ్వి, "దారి చూపించమ్మా. నా విషయంలో కూడా జవాబు ఒక్కటే రాశారు, దారి చూపించలేదు" అన్నారు ఒకసారి. పాపకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

లిఫ్టులో ఏ పిల్ల కనబడినా ఒక లెక్క ఇచ్చేవారు. దిగే అంతస్తు వచ్చేలోపు జవాబు చెప్పాలి.

ఆదివారం ఉదయం కాఫీకొట్టు దగ్గర ఆయన పాత స్నేహితులు ముగ్గురు కలిసేవారు. నేనూ వెళ్ళేవాణ్ణి. నేను కూర్చోగానే మాస్టారు లేచి, కప్పు పట్టుకుని పక్కన నిలబడేవారు. చాలా వారాలు అది మర్యాద అనుకున్నాను. అనుమతి లేకుండా ఐదుగురు ఒక పని మీద గుమిగూడితే అక్కడ నేరం. నలుగురైతే ఫరవాలేదు. కాఫీకి ఆ చట్టం వర్తించదని వాళ్ళకూ తెలుసు. కానీ ఆ లెక్క ఒంటికి పట్టేసింది. "ఎందుకొచ్చిన గొడవ, నలుగురి వరకే" అనేవారు మాస్టారు.

ఒక శుక్రవారం ఆ నలుగురూ పాయా లేబర్ అనే పేటలో ఒక ఆఫీసు భవనం ముందు నిలబడ్డారు. విచారణ లేని నిర్బంధం వద్దని నాలుగు అట్టల మీద రాసి పట్టుకున్నారు. నినాదాలు లేవు. ముందే చెప్పారు కాబట్టి నేను వెళ్ళాను. అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడమని మాస్టారు నాకు రెండుసార్లు చెప్పారు. కాసేపు అక్కడే ఉన్నాను. చివర ఉన్న పెద్దాయన ఎవరితోనో ఏదో అంటున్నారు, నాకు వినిపించలేదు. నేను విలేకరిని, ఆ అలవాటు. రోడ్డు దాటి వెళ్ళి, ఆయన పక్కన నిలబడి పుస్తకం తీశాను.

పోలీసులు వచ్చి లెక్కపెట్టారు. ఐదుగురు.

మాస్టారు నా వైపు చూడలేదు. "ఇతను మాతో రాలేదు. దారి అడుగుతున్నాడు" అని అధికారికి ఇంగ్లీషులో చెప్పారు. అధికారి నన్ను వెళ్ళమన్నాడు. వెళ్ళాను. అభియోగ పత్రంలో మాత్రం ఐదుగురనే రాశారు.

నేను కోర్టుకు వెళ్ళి, ఆ ఐదోవాణ్ణి నేనే, వార్త కోసం వచ్చాను, నిరసనకు కాదు అని చెబితే కేసు నిలిచేది కాదు. నన్ను అక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ ఒక కంప్యూటర్ పత్రికలో ఉద్యోగానికి ఇచ్చినది. మీరు చదువుతున్న ఈ తెలుగు పత్రికకు వారం వారం ఉత్తరం రాయడానికి అందులో అనుమతి లేదు. తెలిసిన లాయర్‌ని అడిగితే, సాక్ష్యం చెప్పిన నెలలోనే సామాను సర్దుకోవాల్సి రావచ్చన్నాడు. అమ్మాయి బడి, భార్య ఉద్యోగం అన్నీ ఆ పాస్ మీదే ఉన్నాయి.

ఈ సంగతి చెబుదామని మాస్టారింటికి వెళ్ళాను. అమ్మాయి అక్కడే భిన్నాలు చేస్తోంది. ఆయన ఎర్ర పెన్ను పక్కన పెట్టి నన్ను వంటగది గుమ్మం దాకా తీసుకెళ్ళారు.

"నువ్వు రావద్దు. నీకున్నది పాస్. నాకిది ఊరు. నన్నెక్కడికి పంపుతారు, చెప్పు?"

"అంకుల్, నిజం చెప్పాల్సింది నేనే కదా."

"చెబుదువుగానిలే. తొందరేముంది."

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నలుగురికీ శిక్ష పడింది. మాస్టారు పది రోజులు జైల్లో ఉన్నారు. ఆ వారం ఈ పత్రికకు నేను పంపిన ఉత్తరం సాఫ్ట్‌వేర్ కంపెనీల కొత్త నియామకాల గురించి.

అక్కడి పేపర్లలో మాస్టారి ఫొటో వచ్చాక ట్యూషన్‌కు పిల్లలు తగ్గారు. మొదట మాన్పించింది మేం కాదు. మూడో వారంలో మేమూ మాన్పించాం. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆంటీకి చెప్పాను. "సరే బాబూ" అన్నారు ఆమె. లిఫ్టులో మా అమ్మాయి కనబడితే లెక్క ఇవ్వడం మాత్రం మాస్టారు మానలేదు. మా అంతస్తు వచ్చాక కూడా జవాబు రాకపోతే, తలుపు మూసుకోకుండా వేలితో బటన్ నొక్కి పట్టుకునేవారు.

వచ్చే నెల నేను హైదరాబాద్ వచ్చేస్తున్నాను. పాస్‌తో ఇక పని లేదు కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను. ఆ మాట కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీలో ఆయన్ని ఉంచారు. చుట్టూ గుండ్రటి బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, బల్లల మీద వేరుశనగలు, డబ్బా పానీయాలు. జనం బాగానే వచ్చారు. ట్యూషన్ మాన్పించినవాళ్ళలో కొందరు కూడా. అమ్మాయి ఆంటీ పక్కన కూర్చుంది. నేను అటూ ఇటూ చూసి, మాస్టారి స్నేహితులున్న బల్ల దగ్గరికి వెళ్ళాను. ముగ్గురితో పాటు ఎవరో బంధువు ఉన్నాడు. నలుగురు. కుర్చీ వెనక నిలబడ్డాను.

ఆ రోజు వరుసలో చివర ఉన్న పెద్దాయన నన్ను గుర్తుపట్టారు. పక్క బల్ల నుంచి ఎర్ర కుర్చీ ఒకటి కాలితో లాగారు.

"కూర్చో. చావుకు పర్మిట్ అక్కర్లేదు."

కూర్చున్నాను. ఆయన తన కప్పు తీసుకుని లేచి, స్తంభం పక్కన నిలబడ్డారు.