ఫ్రేము అంచున వేళ్ళు

హోసూరులో నేను చేసిన ఉద్యోగాన్ని కార్మికులెవరూ ఇష్టపడేవారు కాదు. ఒక పనికి ఎంత సమయం పడుతుందో కొలవడం నా పని. తొంభైల మధ్యలో డిప్లొమా పట్టుకుని గుంటూరు వైపు నుంచి వచ్చినప్పుడు, నా చేతికి ఒక రాత అట్టా ఒక స్టాప్‌వాచీ ఇచ్చారు. యంత్రం పక్కన నిలబడాలి. మనిషి ఇనుప ముక్కను ఎత్తి బిగించినప్పటి నుంచి, కోసి, కొలిచి, దించేదాకా సెకన్లు రాసుకోవాలి. నేను రాసిన అంకెను బట్టి ఆ మనిషి రోజుకెన్ని ముక్కలు చేయాలో పైవాళ్ళు నిర్ణయిస్తారు. అందుకని నేను వెళ్ళి నిలబడగానే అక్కడ మాటలు ఆగిపోయేవి. క్యాంటీనులో నేను కూర్చున్న బల్ల దగ్గరకు ఎవరూ వచ్చేవారు కాదు. నాకు తమిళం రాదు, కన్నడం రాదు. వచ్చినా పెద్ద తేడా ఉండేది కాదేమో.

నాతో మొదట మాట్లాడినవాడు లేతు యంత్రం మీద ఇనుము కోసే ఒక ఆపరేటరు. సూళగిరి దగ్గర పల్లెలో తరాల నుంచి సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం వాళ్ళది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. చేరిన వారంలోనే ఒకరోజు వాచీతో అతని వెనక నిలబడితే, యంత్రం ఆపి నా వైపు తిరిగాడు.

"యాడ నించి వచ్చినావప్పా?"

"గుంటూరు దగ్గర నుంచండి."

"అండీ గిండీ అంటే ఎవురో పెద్దోళ్ళు నా ఎనక నిలబడినట్ల ఉండాది. అన్నా అను, సాలు. తిన్నావా?"

తినలేదు. ఆ మధ్యాహ్నం అతని క్యారియర్‌లోని రాగిసంగటి సగం నాకు పెట్టాడు. సంగటి నమలకూడదని, పులుసులో ముంచి మింగాలని ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి పదేళ్ళ పైన, ఇద్దరిదీ ఒకే షిఫ్టయితే కలిసే తిన్నాం. అతను నాతో కూర్చుంటున్నాడు కాబట్టి మిగతావాళ్ళు కూడా నన్ను చూసి తలాడించడం మొదలుపెట్టారు. అంతకు మించి దగ్గరకు రాలేదు.

టైర్ల కొట్టు మీద మేడగది నాది. పెళ్ళి మాటలు రెండుసార్లు వచ్చి ఆగిపోయాయి, తర్వాత ఎవరూ అడగలేదు. ఆదివారాలు బట్టలు ఉతికి ఆరేశాక చేయడానికి ఏమీ ఉండేది కాదు. బస్టాండు దాకా నడిచి, బెంగుళూరు బస్సులెక్కే జనాన్ని చూసి, కాఫీ తాగి తిరిగొచ్చేవాణ్ణి. ఎవరైనా "ఏం చేశావు నిన్న?" అని అడుగుతారేమోనని సోమవారాలకు ఒక జవాబు తయారుగా ఉంచుకునేవాణ్ణి. సూళగిరి అన్న మాత్రమే అడిగేవాడు. అతనికి ఆ జవాబు చెప్పేవాణ్ణి కాదు, నిజమే చెప్పేవాణ్ణి. "ఏమీ చేయలేదన్నా" అంటే నవ్వి, "అది గూడా ఒక పనేలే" అనేవాడు.

కొన్నాళ్ళకు స్టాప్‌వాచీ పోయి వీడియో కెమెరా వచ్చింది. యంత్రం ఎదుట స్టాండు మీద పెట్టి, పని మొత్తం తీసుకుని, తర్వాత మా గదిలో టీవీ ముందు కూర్చుని సెకన్లు రాసుకోవడం. ఆ పద్ధతి నాకు నచ్చింది. మనుషుల వెనక నిలబడే పని తప్పింది. మరో ఐదారేళ్ళకు మా డిపార్టుమెంటు పెద్ద, తమిళుడు, నెమ్మదైన మనిషి, ఒక కొత్త కెమెరాను తెప్పించాడు. పాతదానికన్నా నాలుగైదు రెట్లు వివరంగా బొమ్మ తీస్తుందన్నారు. నెల రోజులు వాడి చూడమని అమ్మేవాళ్ళే ఇచ్చారు.

"మంచి సంగతులు వాళ్ళే చెప్తారు," అన్నాడు మా పెద్ద. "నాకు ఇబ్బందులు కావాలి. వాడి చూసి అవి రాసివ్వు."

ఇబ్బందులకు కొదవ లేదు. మొదటి వారంలోనే ఒక పుస్తకంలో రెండు పేజీలు నిండాయి. మా షెడ్డులో వెలుతురు తక్కువ. పాత కెమెరా అంత చీకటిలోనూ ఏదో ఒక బొమ్మ ఇచ్చేది, కొత్తది నీడల్లో ఇసుక చల్లినట్టు చుక్కలు చూపేది. దాని చిన్న తెర మీద బొమ్మ బాగానే ఉన్నట్టు కనబడేది. గదికి తెచ్చి పెద్ద తెర మీద చూస్తే ఫోకసు తప్పి ఉండేది. అప్పటికి ఆ పని అయిపోయి, ఆ మనిషి ఇంటికి వెళ్ళిపోయి ఉండేవాడు. అసలు మా గదిలో ఉన్న టీవీలో వేస్తే రెండు కెమెరాలకూ తేడాయే తెలియలేదు. ఆ తేడా చూడడానికి ట్రైనింగు హాల్లోని కొత్త టీవీని అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. కంప్యూటరులోకి ఎక్కిస్తే అది మూలిగి మూలిగి నిలిచిపోయేది. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి. టేపు మీద ఎక్కడైనా దుమ్ము పడితే, పాత కెమెరాలో ఒక గీత వచ్చి పోయేది. ఇందులో బొమ్మ అర సెకను పాటు బిగుసుకుపోయి, తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకేది. అర సెకన్లు లెక్కపెట్టి బతికేవాడికి అంతకన్నా ఏం కావాలి? ఇనుము మీద పోసే నీళ్ళు చిమ్మినప్పుడల్లా కూడా బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయేది.

ఇవన్నీ నిజాలే. నాకు ఉత్సాహంగానే ఉండేది. సాయంత్రం షిఫ్టు అయ్యాక కూడా గదిలో కూర్చుని తీసినవి మళ్ళీ వేసుకునేవాణ్ణి. మేడగదికి తొందరగా వెళ్ళి చేసేదేముంది?

రెండోవారంలో సూళగిరి అన్న లేతును తీశాను. పాత కెమెరాతో తీసిన అదే పని టేపు మా దగ్గర ఉంది కాబట్టి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చని. అతను ఎప్పటిలాగే చేశాడు. చక్రం ఎంత తిప్పితే ఎంత కోస్తుందో అతని చేతికి తెలుసు, చూడనక్కర్లేదు. కోశాక, వెంట్రుక మందం కూడా చెప్పే మైక్రోమీటరుతో ముక్కను కొలిచి, అంకె కదలకుండా దాని మీట బిగించి, ఆ మైక్రోమీటరును రెండు యంత్రాల మధ్య ఉన్న పళ్ళెంలో పెట్టాడు. మళ్ళీ చక్రం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం ఆ టేపు వేసుకున్నప్పుడు, బొమ్మ కుడి అంచున ఏదో కదిలింది. పాత టేపులో అక్కడ నీలంచొక్కా రంగు మాత్రమే, మరకలా ఉండేది. కొత్తదాంట్లో అది పక్క యంత్రం మనిషి. అతను వంగి పళ్ళెంలోని మైక్రోమీటరు మీద అంకె చూశాడు. నడుము దగ్గర చెయ్యి కిందికి పెట్టి మూడు వేళ్ళు చాపాడు. సూళగిరి అన్న అటు ఒక్క చూపు చూసి, అంతకు తగ్గట్టు చక్రం తిప్పి మళ్ళీ కోశాడు. తర్వాతి ముక్కకు రెండు వేళ్ళు. ఆ తర్వాతి దానికి నాలుగు.

టేపు వెనక్కి తిప్పి చాలాసార్లు చూశాను. అన్న మైక్రోమీటరును కంటి దాకా ఎత్తుతున్నాడు గానీ, అతని చూపు దాని మీద నిలవడం లేదు. అతనికి ఆ గీతలు కనబడటం లేదు.

నేను ఎవరికీ చెప్పలేదు. అతనికీ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం అతని ఎదురుగా కూర్చుని సంగటి తిన్నాను. "కొత్త కెమెరా ఎట్ల ఉండాది?" అని అడిగాడు. "ఇబ్బందులు చాలా ఉన్నాయన్నా, కొనరు" అన్నాను. రాత్రింబవళ్ళు తిరిగే ఆ యంత్రం ముందు చూపు లేని మనిషి చెయ్యి ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. చెబితే సిగ్గుపడతాడని, నాతో కూర్చోవడం మానేస్తాడని భయం. నాకున్నది ఆ ఒక్క మనిషి.

రిపోర్టు రాశాను. ఉన్న లోపాలనే, మాటలు కాస్త బరువుగా పెట్టి, ఈ కెమెరా మనకు వద్దని తేల్చాను. మా పెద్ద చదివి, తలూపి, "బాగా రాశావు. ఏదీ, పాతదీ కొత్తదీ పోల్చిన ఆ లేతు టేపు వేయి, చూద్దాం" అన్నాడు. వేరే టేపు బాగుంటుందని చెప్పి చూశాను. అదే కావాలన్నాడు.

ఐదు నిమిషాలు చూశాడు. తర్వాత కుర్చీలో ముందుకు జరిగి, "అంచున ఆ వేళ్ళేమిటి?" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అన్నను మర్నాడే యంత్రం నుంచి తప్పించి ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరకు పంపాడు. డాక్టరు కృష్ణగిరిలోని కంటి డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. వేళ్ళు చూపిన అతనికి మెమో ఇచ్చారు. ఆ సాయంత్రం అన్నే నా గదికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రేపు నీకు లీవు దొరుకుతాదా? కంట్లో మందు ఏస్తారంట. మళ్ళా బస్సు బోర్డు కనపడదంట నాకు."

వెళ్ళాను. కృష్ణగిరి బస్టాండుకు దగ్గర్లోనే ఆ డాక్టరు. పసుపురంగు గోడల వసారాలో బెంచీల నిండా కళ్ళు మూసుకుని కూర్చున్న మనుషులు. నర్సు అన్న కళ్ళలో చుక్కలు వేసి, తెరవొద్దని చెప్పి వెళ్ళింది. తల గోడకానించి కూర్చున్నాడు. ముక్కు పక్కగా మందు కారుతుంటే నా చేతిరుమాలు అతని చేతిలో పెట్టాను.

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ క్యాసెట్టులో మీ సారు కంటే ముందర నువ్వు చూసినావా?"

"చూశానన్నా."

"ఎన్నాళ్ళ ముందర?"

"పదకొండు రోజులు."

కళ్ళు మూసుకునే లెక్కపెట్టుకున్నట్టున్నాడు. ఆ పదకొండు రోజుల్లో ఎన్నిసార్లు కలిసి తిన్నామో.

"నాకెందుకు చెప్పలేదు?"

"బాధపడతావని."

"నేనా, నువ్వా?"

పక్క బెంచీ మీద ముసలమ్మ దగ్గింది. అతను గొంతు తగ్గించాడు.

"నువ్వు ఒక్క మాట చెప్పింటే ఆ పక్క మిషనాయన్ని నేను నిలిపేసింటాను. పిల్లలు గలోడు, నాకోసరం మెమో తీసుకున్నాడు. నేనే పోయి, కన్ను ఆనడం లేదు, వేరే పని ఇయ్యండని అడిగింటాను. నా నోటితో చెప్పేది వేరే. దొంగను పట్టినట్ల టీవీలో పట్టినారు నన్ను."

"నేను చూపించలేదన్నా. వద్దనే రాశాను."

"తెలుసు. నువ్వు చూపించినావని నేననలేదు."

డాక్టరు లోపలికి పిలిచాడు. చక్కెర జబ్బు కంటి లోపలికి పాకిందన్నాడు. అన్నకు చక్కెర ఉన్నట్టే అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కన్నును కాపాడొచ్చన్నాడు. అన్న మందుల గది ముందు నిలబడినప్పుడు నేను మళ్ళీ లోపలికి వెళ్ళి, పదకొండు రోజులు ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా అని అడిగాను. లేదు, ఒకటి రెండేళ్ళ ముందు రావలసింది అన్నాడు డాక్టరు. ఆ మాట బస్సులో అన్నకు చెబుదామని నోటిదాకా వచ్చింది. అతను నొచ్చుకున్నది కంటి గురించి కాదని తెలిసి ఆగిపోయాను.

సూళగిరిలో బస్సు ఆగింది. చేయి పట్టుకుని దింపబోతే, కడ్డీ తడుముకుంటూ తనే దిగాడు. రోడ్డు మీద అతని తమ్ముడు సైకిలుతో కాచుకుని ఉన్నాడు. కిటికీ వైపు తల తిప్పి, నేను కనబడకపోయినా, "పోయొస్తాను సార్, లీవు పెట్టుకోని వచ్చినారు, చానా మేలు" అన్నాడు.

ఆ రోజు తర్వాత సార్ అని తప్ప నన్ను వేరే రకంగా పిలవలేదు.

కుడి కన్ను కొంత నిలిచింది. అతన్ని స్టోర్సులో వేశారు. అక్కడ పెట్టెల మీద నంబర్లు పెద్దపెద్దగా ఉంటాయి. క్యారియరు అక్కడే తెరిచి తినేవాడు. రెండుమూడుసార్లు వెళ్ళాను. నన్ను చూడగానే స్టూలు మీద నుంచి లేచేవాడు. "కూర్చో అన్నా" అంటే, "పరవాలేదు సార్" అని నిలబడే ఉండేవాడు. తినే మనిషిని నిలబెట్టడం ఇష్టంలేక వెళ్ళడం మానేశాను. క్యాంటీనులో నా బల్ల మళ్ళీ మునుపటిలాగే అయింది.

కెమెరా కొన్నారు. "నువ్వు రాసిన లోపాలన్నీ ఉన్నాయి, అయినా కావాలి" అన్నాడు మా పెద్ద. దాన్ని నేనే నాలుగైదేళ్ళు వాడాను. టేపుల ఖరీదు ఎక్కువని ఒకదాని మీద ఒకటి తీసేవాళ్ళం. అన్న పని ఉన్న టేపు మీద పెయింటు షాపు పని తీసింది కూడా నేనే. స్టాండు నిలబెట్టగానే చుట్టుపక్కల వాళ్ళు పక్కకు తప్పుకునేవారు. ఎంత దూరం జరిగితే బొమ్మలో పడరో వాళ్ళకు బాగా తెలిసిపోయింది. నా టేపుల్లో ఆ తర్వాత ఒక మనిషి, ఒక యంత్రం తప్ప వెనక ఎవరూ లేరు.

అతను రిటైరయ్యాక ఒకసారి ఆ పల్లెకు వెళ్ళాను. టమేటా తోటలో ఉన్నాడు. కాయ పండిందో లేదో వేళ్ళతో నొక్కి తెంపుతున్నాడు. నా గొంతు విని, ఇంట్లోంచి కుర్చీ తెప్పించి వేయించి, తను గట్టు మీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో ఎవరున్నారో ఎవరు వెళ్ళారో అడిగాడు. వదినమ్మ మజ్జిగ తెచ్చింది.

"పెండ్లి చేసుకుంటిరా సార్?"

"లేదన్నా."

"ఊఁ" అన్నాడు. చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి బుట్టలో వేశాడు.

క్షమించమని అడగాలని వెళ్ళాను. అడగలేదు. అతను మర్యాదగా మాట్లాడుతున్నంతసేపూ ఆ మాటకు సందు దొరకలేదు. వదినమ్మ ఒక సంచి నిండా టమేటాలు పోసిచ్చింది. తమ్ముడు హైవే దాకా సైకిలు మీద దింపి వెళ్ళాడు. హోసూరు బస్సులు నిండుగా వస్తూ ఆగకుండా పోతున్నాయి. గంటసేపు నిలబడ్డాక ఒకటి ఆగింది. కూర్చోవడానికి చోటు లేదు. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, టమేటాలు నలగకుండా చూసుకుంటూ వచ్చాను. ఒక్కడికి అన్ని టమేటాలు ఎక్కువ. సగం టైర్ల కొట్టు అతనికిచ్చాను. ఎక్కడివని అతను అడిగితే, తెలిసినవాళ్ళ తోటవని చెప్పాను.