మూకుడు పొయ్యెక్కని రోజులు

మా అమ్మాయికి ఆటలమ్మ పోస్తే మా ఓనరమ్మ బజ్జీల బండి మూతపడింది. ఆ రెంటికీ సంబంధమేమిటి అంటారా? అలా అడిగేవాళ్ళెవరూ మా అవ్వ నోట్లో పడలేదన్నమాట.

తొంభైల చివర్లో మేం శామీర్‌పేటలో కొత్తగా లేచిన ఒక కాలనీలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని గోదావరి వైపు నుంచి వచ్చి పడ్డాం. ముందు వాటాలో మేం, వెనక వాటాలో ఓనరమ్మ, ఆవిడ అత్తగారు. ఆ అత్తగారిని కాలనీ అంతా అవ్వ అనే పిలిచేది, నేనూ అంతే. ఓనరమ్మ భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. ఇల్లు గడిచేది చెరువు కట్ట దగ్గర ఓనరమ్మ పెట్టిన మిరపకాయ బజ్జీల బండి మీదే. ఆదివారం వచ్చిందంటే పట్నం జనం చెరువు చూడ్డానికి వచ్చి, చెరువుని వదిలేసి ఆవిడ బండి చుట్టూ మూగేవాళ్ళు.

అమ్మాయి అల్వాల్‌లో బడికెళ్ళేది. ఒకరోజు జ్వరంతో వచ్చింది. తెల్లారి చూస్తే వీపు నిండా నీటి పొక్కులు. నేను కంగారుపడి అవ్వని పిలిచాను. అవ్వ చూసి, చెంపలు వేసుకుని, ఇంకేం మాట్లాడకుండా వేపమండ తెచ్చి గేటుకి కట్టేసింది. ఇక ఆ ఆవరణలో రాజ్యం అవ్వదే. బయటివాళ్ళు రాకూడదు. పిల్లకి తల దువ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నూనె కాగకూడదు. చుయ్యిమంటే అమ్మతల్లికి కోపం వస్తుందట. ఆ పూట మా పప్పు పోపు లేకుండానే కంచాల్లోకొచ్చింది. పోపు లేని పప్పు తిన్నానంటే మా పుట్టింట్లో ఇప్పటికీ నమ్మరు.

నా పప్పు సంగతి సరే. కోడలు కూడా మూకుడు ముట్టకూడదని అవ్వ తేల్చేసింది. అప్పుడు మొదలైంది రగడ. ఆ తర్వాత చాలా ఏళ్ళకి దేశం దేశమే తలుపులు మూసుకున్నప్పుడు, మూయడం రైటా, తిండి సంగతేమిటి అని టీవీలో పెద్దపెద్దవాళ్ళు కొట్టుకున్నారు. మా వాకిట్లో ఈ అత్తాకోడళ్ళు అంతకన్నా బాగా వాదించుకున్నారని నేను ఒట్టేసి చెప్పగలను.

"చెరువు కట్ట యాడ, మన ఇల్లు యాడ? గాడ నూనె గాగితే గీడ తల్లికి ఇనిపిస్తదా అత్తమ్మా?" అంది ఓనరమ్మ.

"బండి యాడున్నా నీ చేతులు గీ ఇంటియే గద," అంది అవ్వ.

నేను ఓనరమ్మ పక్షం. తెచ్చింది మా పిల్లాయె, మూతపడింది ఆవిడ బండి. నాకు అన్నం సయించలేదు. మా ఆయన్ని పిలిచి, అవ్వకి నాలుగు సైన్సు ముక్కలు చెప్పండి అన్నాను. ఆ మహానుభావుడు లుంగీ సర్దుకుంటూ వచ్చి, నూనె చప్పుడుకీ జబ్బుకీ సంబంధం లేదు గానీ ఇది అంటురోగం, ఈ ఇంటివాళ్ళు నలుగురికీ తిండి వండి పెట్టకూడదు, అవ్వ చెప్పిందే కరెక్టు అన్నాడు. అవ్వ మొహం వెలిగిపోయింది. నేను ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

ఓనరమ్మ ఏడుపు రోజువారీ బేరం గురించి కాదు. కట్ట మలుపులో బస్సు దిగగానే కనపడే చోటు ఆవిడది. మక్క కంకులు కాల్చేవాడు ఎప్పట్నుంచో దాని మీద కన్నేసి ఉన్నాడు. "తల్లి వచ్చిన తొవ్వనే పోతది అక్కా. నా జాగ పోతే మల్ల వస్తదా?" అని నా దగ్గర కళ్ళొత్తుకుంది. అత్తతో మాటలు మానేసి, బోర్లించిన మూకుడు వంక చూస్తూ కూర్చునేది.

ఇదిలా ఉండగా అవ్వ మధ్యాహ్నం కాగానే మాయమైపోవడం మొదలుపెట్టింది. చీకటి పడ్డాక వచ్చేది. ఎక్కడికని అడిగితే ఉలకదు, పలకదు. కోడల్ని ఇంట్లో కూర్చోబెట్టి తాను ఊరేగుతోంది చూడు అని నాకు ఒళ్ళు మండింది. కడిగేద్దామనే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం అమ్మాయికి కొబ్బరిబొండాలు తేవడానికి కట్ట వైపు వెళ్ళాను. నాకు చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది కాబట్టి మా ఆయన పర్మిషన్ ఇచ్చాడు. వెళ్ళి చూద్దును కదా, గొలుసేసిన బజ్జీల బండికి వేపమండ కట్టి ఉంది. దాని ముందు, కోడలి స్టూలు మీద, కొంగు నెత్తిన కప్పుకుని అవ్వ. జనం ఎడంగా తప్పుకుని పోతున్నారు. మక్క కంకులాయన కట్ట రెండో చివర విసనకర్ర ఊపుకుంటూ, ఇటు తల కూడా తిప్పడం లేదు. అమ్మవారి మండ కట్టిన బండిని జరిపే మొనగాడు ఎవడు?

కడిగేద్దామనుకున్నదాన్ని ఆ స్టూలు పక్కనే చతికిలబడ్డాను. అవ్వే చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇంట్లో పెద్దతల్లి, అదే మశూచి, పోసిందట, ఆ మచ్చలు మొహం మీద ఇంకా ఉన్నాయి. వాళ్ళ బాపు మేడ్చల్ అంగడిలో గాజులమ్మేవాడు. పెద్దలు చెప్పినట్టు తలుపేసుకుని ఇంట్లోనే ఉన్నారు. అంతా తగ్గి గాజుల మలారం ఎత్తుకుని పోతే, ఆయన చోట్లో ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగే అమ్మాడు.

"ఇంట్ల కూసునుడు మంచిదే బిడ్డా," అంది అవ్వ. "గని కూసున్నోళ్ల జాగ ఎవరన్న కాయాలె గద."

నేను కొబ్బరిబొండాల మాటే మర్చిపోయి ఇంటికి పరిగెత్తాను. ఓనరమ్మకి చెప్పాను. ఆవిడ లేచి, సద్దిలో పెరుగు కలిపి, పచ్చిమిరపకాయ ఒకటి పక్కన పెట్టి, గిన్నె మూతేసుకుని కట్ట వైపు నడిచింది.

అమ్మాయికి పొక్కులు మాడి, పెచ్చులు రాలాక వేపాకు నీళ్ళు పోశాం. అవ్వ గేటు మండ విప్పింది, బండి మండా విప్పింది. మూకుడు పొయ్యెక్కింది. చుయ్యిమంది. కానీ జనం రారే! నిన్నటి దాకా మండ చూసిన కళ్ళాయె. వాయి దిగి చల్లారిపోతోంది. ఓనరమ్మ మొహం చూడలేక నేను ఆఫీసు నుంచి అటే వచ్చిన మా ఆయన వైపు చూశాను. బయటి తిండంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, ఆఫీసు బట్టల్లో, నడి రోడ్డు మీద నిలబడి, కళ్ళంట నీళ్ళు కారుతుంటే బజ్జీ మీద బజ్జీ తిన్నాడు. పెచ్చులు రాలాక అంటుకోదు అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. బస్సు దిగినవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. ఆ రాత్రి ఆయనకి మజ్జిగ నేనే కలిపిచ్చాను.

రెండో వాయి వేశాక ఓనరమ్మ నడుం పట్టుకుని, తన స్టూలు మీదే కూర్చున్న అవ్వతో, "ఇగ లే అత్తమ్మా, జర కూసుంట," అంది. అవ్వ లేవలేదు. కాచీ కాచీ ఆ చోటు అలవాటైపోయింది ఆవిడకి. ఓనరమ్మ నవ్వుకుంటూ ఒక వేడి బజ్జీ అవ్వ చేతిలో పెట్టింది. మరుసటి ఆదివారానికి బండి పక్కన ఇంకో స్టూలు వచ్చి చేరింది.