తెర తాతయ్య దువ్వెన

నా చిన్నప్పుడు మా అరకుకు సముద్రం ప్రతి శుక్రవారం వచ్చేది. పొద్దున్నే ఘాట్ రోడ్డెక్కే బస్సు మీద, చాపలా చుట్టిన గుడ్డలో, కొండ దిగువనున్న ఎస్.కోట నుంచి వచ్చి సంతలో దిగేది. ఆ గుడ్డను భుజాన వేసుకుని వచ్చే పెద్దాయన్ని పిల్లలమంతా తెర తాతయ్య అనేవాళ్లం. ఆయనకు ఎస్.కోటలో ఒక గది ఫొటో స్టూడియో ఉండేది. సంత రోజున మా కొట్టు పక్క గోడకు రెండు వెదురు కర్రలు ఆనించి ఆ తెర కట్టేవారు. దాని మీద నీలం రంగు అలలు, ఒక తెరచాప పడవ, మూలన రెండు కొబ్బరి చెట్లు ఉండేవి. కొండల మీంచి సంతకు దిగివచ్చిన వాళ్లు, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని వాళ్లు, ఆ అలల ముందు నిటారుగా నిలబడి ఫొటో దిగేవారు. మళ్లీ శుక్రవారానికి తాతయ్య ఆ ఫొటోలు కడిగి తెచ్చి ఇచ్చేవారు.

తెర కట్టిన కర్రకు ఒక చిన్న అద్దం వేలాడుతూ ఉండేది. దాని పక్కనే పురికొసకు కట్టిన దువ్వెన. ఎవరు వచ్చినా తాతయ్య ముందు కెమెరా దగ్గరికి వెళ్లేవారు కాదు. ఏ ఊరు, ఏం పేరు, ఈ ఏడు వాన ఎలా పడింది అని అడిగి, అద్దం వైపు చెయ్యి చూపించేవారు. వాళ్లు జుట్టు దువ్వుకుని, కొప్పు విప్పి మళ్లీ ముడిచి, మెడలో పూసల పేర్లు సర్దుకుని, నచ్చక మళ్లీ దువ్వుకునేవారు. అంతసేపూ ఆయన ఒక రాయి మీద కూర్చుని బీడీ కాల్చుకునేవారు. నాకది చూస్తే ఒళ్లు మండేది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పనికి ఇంత తతంగమా అనుకునేదాన్ని. అప్పటికి నాకు పన్నెండేళ్లు. అన్నీ నాకే తెలుసని అనుకునే వయసు.

ఆ ఏడాది విజయనగరంలో ఉండే మా మావయ్య కొత్త కెమెరా కొనుక్కుని, తన పాత పెట్టె కెమెరా నాకు ఇచ్చాడు. రీలుకు పన్నెండు ఫొటోలు. ఒక రీలు కూడా ఆయనే వేసి ఇచ్చాడు. మా నాన్నకు మాత్రం అది బొత్తిగా నచ్చలేదు. మైదానం నుంచి వచ్చి అరకులో ఉప్పూ పప్పూ కిరసనాయిలూ అమ్ముకునే మనిషి ఆయన. నలుగురూ ఏమనుకుంటారో అన్నదే ఆయన బెంగ.

"ఆడగుంటవి, సంతలో కెమెరా ఎట్టుకుని తిరిగితే జనాలు నవ్వరేటే?" అన్నాడు. నా మొహం చూసి కాస్త మెత్తబడి, "సరే, ఈ రీలు అవనీ. తెర తాత బాగున్నాయంటే ఇంకోటి కొంటాను. లేదంటే ఈ పెట్టె మీ మావయ్యకి పంపించేత్తాను" అన్నాడు.

ఆ కెమెరా పోతుందంటే నాకు ప్రాణం పోయినంత పని. అందుకని బాగా ఆలోచించే మొదలుపెట్టాను. మనుషులకు తెలియకుండా తీస్తేనే ఫొటో సహజంగా వస్తుందని మావయ్య చెప్పిన మాట నాకు బాగా పట్టేసింది. శుక్రవారం మధ్యాహ్నం బడిలో బెల్లు కొట్టగానే మా మాష్టార్లే ముందు సంతకు వెళ్లిపోయేవారు కనుక మాకు అడ్డు ఉండేది కాదు. నేను కొట్టు అరుగు మీద ఉప్పు బస్తాల వెనక నక్కి కూర్చుని, పన్నెండూ అలా దొంగచాటుగా తీశాను.

అందులో ఒకటి పసుపు మామ్మది. మా కొట్టుకు ఎదురుగా ప్రతి వారం పసుపు కొమ్ములు కుప్ప పోసుకుని కూర్చునే ముసలామె. కొండగట్టు అవతలి ఊరు. ముక్కుకు మూడు ముక్కెరలు, గోళ్లనిండా పసుపు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, కానీ పేరేమిటో ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఆమె ఆనపకాయ బుర్ర ఎత్తి రాగి అంబలి తాగుతోంది. జుట్టు రేగి ఉంది, నోరు పెద్దగా తెరుచుకుంది, అంబలి గడ్డం మీదుగా కారుతోంది. టక్కున నొక్కాను.

రీలు కడగమని తాతయ్యకిచ్చి, నాన్న పెట్టిన షరతు కూడా చెప్పాను. మరుసటి శుక్రవారం ఆయన ఒక కవరు చేతిలో పెట్టారు. రెండు ఫొటోలు నల్లగా పోయాయి, ఒకదానిలో నా వేలు, ఒకదానిలో ఎద్దు వెనక భాగం, చాలావాటిలో మనుషులకు తలకాయల్లేవు. మొహాలు తెలిసేవి మూడే మూడు. పరుగెత్తుకెళ్లి ఇంట్లో చూపిస్తే అమ్మ, అక్క, ఉప్పు కొనడానికి వచ్చినవాళ్లు అందరూ మామ్మ ఫొటో చూసి పడీపడీ నవ్వారు. అబ్బ, ఎంత బాగా పడిందో, అచ్చు గుద్దినట్టుందే అన్నారు. నాకు భూమి మీద కాలు నిలవలేదు. నాన్న మాత్రం నవ్వి ఊరుకుని, సాయంత్రం తాతను అడుగుతానన్నాడు.

నేను తాతయ్య దగ్గరికి వెళ్లి, ఎలా ఉన్నాయో చెప్పమని అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి ఇంకో కవరు తీశారు. మొహాలు తెలిసే మూడు ఫొటోలకూ రెండో కాపీ వేశారట.

"ఒకటి నీది, ఒకటి ఆళ్లది. ఇచ్చీసి రా. ఆళ్లు ఏటన్నారో సెప్పు. అప్పుడు నేను సెప్తాను" అన్నారు.

ఇదేం పరీక్ష అనుకున్నాను గానీ, నాకు భయం లేదు. గాజులమ్మే ఆమె తన ఫొటో చూసి, నా గాజుల రంగులేవీ పడలేదేమని గునిసింది. ఎండు చేపలమ్మే ఆయన వీపు గోక్కుంటూ ఉన్న తనను చూసుకుని సిగ్గుగా నవ్వి, ఎవరికీ చూపించకమ్మా అన్నాడు. ఆ తర్వాత పసుపు మామ్మ ముందు కూర్చుని ఫొటో చేతికిచ్చాను.

ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుంది. నేను తిప్పి పెట్టాను. చాలాసేపు చూసి, "ఇదెవులు?" అంది. నువ్వే మామ్మా అన్నాను. పక్కన కూర్చున్న ఆడవాళ్లు వంగి చూసి, మా ఇంట్లో నవ్వినట్టే నవ్వారు. మామ్మ నవ్వలేదు. కోక చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ ఫొటోలోని నోరు ఇప్పుడు ఎవరికైనా కనపడుతుందేమో అన్నట్టు.

"ఒక మాట సెప్పకపోనావా గుంటా? తల దువ్వుకుందును గదా" అంది.

కోపంగా అని ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్ని. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే, చెప్పి ఉంటే దువ్వుకునేది, అంతే. ఫొటో నాకు తిరిగి ఇచ్చేసింది. లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, తన కుప్పలోంచి గుప్పెడు పసుపు కొమ్ములు తీసి నా ఒళ్లో పోసింది. ఏదో ఒకటి పట్టుకుని తన దగ్గరికి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం ఆమెకు తెలియదు. అంత సిగ్గు నేను అంతకు ముందు పడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడో గానీ పడలేదు.

తిరిగి వెళ్లగానే, వాళ్లు ఏమన్నారని తాతయ్య అడిగారు. మా నాన్న అప్పుడే కొట్లోంచి తొంగి చూస్తున్నాడు. నా కళ్ల ముందు కెమెరా పెట్టె, మావయ్య ఊరి బస్సు కనబడ్డాయి. బాగున్నాయన్నారు అని చెప్పేశాను. ఆయన నన్ను ఒకసారి చూసి తల ఊపారు. నేరుగా నాన్న దగ్గరికి వెళ్లి, గుంట బాగానే తీసింది, ఇంకో రీలు కొనియ్యి బాబూ అన్నారు. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. వచ్చే వారం తాతయ్యే రీలు తెచ్చేలా మాట అయిపోయింది.

కోరుకున్నది దొరికింది. ఆ వారం మాత్రం నాకు అన్నం సయించలేదు. పసుపు కొమ్ములు ఇంట్లో ఇవ్వలేక పుస్తకాల సంచిలో దాచుకుంటే లెక్కల పుస్తకం అంచులన్నీ పచ్చబడ్డాయి. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ వాసన వచ్చేది, ఆ మాట వినబడేది.

శుక్రవారం వచ్చింది. తాతయ్య తెచ్చిన రీలు కెమెరాలో వేసుకుని అరుగు మీద కూర్చున్నాను గానీ ఎవరినీ తీయబుద్ధి కాలేదు. అప్పుడు ఎదుటి నుంచి పసుపు మామ్మ లేచి వచ్చింది. ఆమెను పోల్చుకోవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. తలకు నూనె పెట్టి నున్నగా దువ్వి, కొప్పు ఒక పక్కకు ముడిచి, దాని నిండా పిన్నులు, ఒక ఎర్ర పువ్వు. ఉతికిన కోక. ఎన్ని పూసల పేర్లున్నాయో అన్నీ మెడలో వేసుకుంది. తెర వైపు వెళుతోందనుకున్నాను. తిన్నగా నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఇప్పుడు తియ్యి" అంది.

నేను గబగబా అరుగు దిగాను. తాతయ్య అద్దం, దువ్వెన విప్పి నా చేతిలో పెట్టి, వెళ్లి తన రాయి మీద కూర్చున్నారు. నేను అద్దం పట్టుకున్నాను. ఆమె దువ్వుకున్న తలనే మళ్లీ దువ్వుకుంది. పువ్వు తీసి ఇటు పెట్టింది, అటు పెట్టింది. నేను ఆగాను. అలా ఆగినప్పుడే ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాను. నుదుటి మీద పాత కాలిన మచ్చ ఉంది. నిలబడితే ఒక కాలి మీదే బరువు మోపుతుంది. అద్దంలో తనను చూసుకుని కళ్లతోనే నవ్వుకుంటుంది. ప్రతి వారం ఎదురుగా కూర్చున్న మనిషిలో ఇవేవీ నాకు తెలియవు. పేరేమిటి మామ్మా అని అడిగాను. చెప్పింది. ఆ పేరు నాకు ఇప్పటికీ గుర్తే, కానీ అది నాకు చెప్పింది కనుక నా దగ్గరే ఉంచుకుంటాను.

తెర ముందు నిలబడతావా అని అడిగితే ఆ అలల వైపు ఒకసారి చూసి, "ఈ నీళ్లు నాకేటికి? నా కొండ అల్లదిగో" అంది. నాలుగడుగులు నడిచి వెళ్లి, తన ఊరి గట్టు వెనక కనబడేలా నిలబడింది. రాణిలా నిలబడింది అనాలని ఉంది. కానీ నేను చూసిన రాణులంతా బొమ్మల్లోనే, ఆమె మాత్రం నిజంగా నా ముందు ఉంది. ఒక్క ఫొటో తీశాను.

ఆమె వెళ్లిపోయాక తాతయ్య పక్కన కూర్చుని, పోయిన వారం అబద్ధం చెప్పానని చెప్పేశాను. ఏడుపు వచ్చేసింది. ఆయన నా తల మీద చెయ్యి వేశారు.

"తెలుసు. ఆరోజు నీ మొగం సూడగానే తెలిసిపోయింది. ఆ సాయంకాలమే మామ్మకాడ పసుపు కొన్నాను. ఏటందో తనే సెప్పింది. ఈ శుక్రవారం దువ్వుకుని రమ్మన్నాను" అన్నారు. మరి నాన్నకు బాగున్నాయని ఎందుకు చెప్పారని అడిగాను. "బాగోలేదంటే కెమెరా పోద్ది. తప్పు నీకాడే ఉండిపోద్ది. దిద్దుకోడానికి రీలు ఉండాలి కదేటమ్మా" అన్నారు.

మిగతా పదకొండూ తీయకుండానే రీలు తాతయ్యకిచ్చేశాను, మరుసటి వారం ఆ ఫొటో వచ్చింది. అప్పుడు మాత్రం తాతయ్య కళ్లజోడు పెట్టుకుని, నేను ముందు నుంచీ అడుగుతున్న పని మొదలుపెట్టారు. కాళ్లు కోసీసినావు అన్నారు. కొండ ఒక పక్కకి ఒరిగిపోయింది, కెమెరా వంకరగా పట్టుకున్నావు, మొహం సగం నీడలో పడింది, ఎండ ఎటుందో ముందు చూసుకోవాలి అన్నారు. ఒక్కో తప్పూ వేలు పెట్టి చూపిస్తుంటే నాకు పొగిడినదానికన్నా ఎక్కువ సంతోషం వేసింది. తప్పులు వెతకడానికి తగిన ఫొటో ఒకటి నేనూ తీశానన్నమాట.

మామ్మకు రెండో కాపీ ఇచ్చాను. ఈసారి తిన్నగానే పట్టుకుంది. పక్కవాళ్లు ఎవరూ నవ్వలేదు. బొటనవేలితో దాని అంచు తడుముతూ, "ఇది నేనే" అంది. నడుం దగ్గర కోక మడతలో దాచుకుని, సంత ముగియక ముందే గట్టు ఎక్కి వెళ్లిపోయింది. ఇంట్లో చూపించడానికి ఆగలేకపోయిందని ఆమె పక్కన కూర్చునేవాళ్లు చెప్పారు.

నేను పెద్ద ఫొటోగ్రాఫర్ని ఏమీ కాలేదు. బడిలో పాఠాలు చెప్పుకుని రిటైరయ్యాను. కానీ ఫొటోలు తీయడం మానలేదు. ఆ మొదటి ఫొటో, రెండు కాపీలూ, ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, ఎవరికీ చూపించను. అది ఆమె ఇచ్చింది కాదు, నేను లాక్కున్నది. తెర తాతయ్యంత ఓపిక, ఒక పిల్ల పరువు కాపాడుతూనే దాని తప్పు దానికి చూపించగల నేర్పు నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఎంత పెద్ద చదువులు చదివినవారిలోనూ చూడలేదు.

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న అద్దం, ఒక దువ్వెన ఉంటాయి. నా మనవలు ఫోను తీసి ఒక్క నిమిషంలో పాతిక ఫొటోలు కొట్టేస్తూ, అమ్మమ్మ ఫొటో తీయాలంటే ముందు మంగలి షాపు తెరుస్తుందని ఏడిపిస్తారు. ఏడిపించనీ. ఎవరినైనా తీయాలనిపిస్తే నేను ముందు పేరు అడుగుతాను, దువ్వెన చేతికిస్తాను, పక్కన ఏదైనా రాయి ఉంటే దాని మీద కూర్చుని ఆగుతాను.