కిస్ అంటే మంట

నా చిన్నప్పుడు, మూడో తరగతిలో, ఒకే మాటకు ఒకే రోజు రెండుసార్లు దెబ్బలు తిన్నాను. మాది ఆదిలాబాద్ అడవి పక్క కొలాం ఆదివాసుల గూడెం. ఇంట్లో కొలామీ, బడిలో తెలుగు. బడిలో కొలామీ మాట నోరు జారితే బెత్తం. ఆ తరగతిలో కొలాం పిల్లవాణ్ని నేనొక్కణ్నే.

ఆ మధ్యాహ్నం బడి వంటపాక కప్పు అంటుకోవడం అందరికంటే ముందు నేనే చూశాను. భయంతో తెలుగు మరిచిపోయాను. తరగతిలోకి పరుగెత్తి "సార్, కిస్, కిస్" అన్నాను. మా భాషలో అది మంట. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన సార్‌కు సినిమాల్లోని ముద్దులా వినబడింది. పిల్లలు నవ్వారు.

"గీ వయసుల గివేం మాటల్‌రా" అని సార్ వీపు మీద, మోకాళ్ల మీద, చెవి మీద కొట్టాడు. బయటికి చూపించిన కొద్దీ పారిపోతున్నాననుకుని ఇంకా కొట్టాడు. బెత్తం విరిగేసరికి కిటికీలోంచి పొగ వచ్చింది.

మాకు వండిపెట్టే వంటక్కను పాకలోంచి బయటికి లాగారు. ఆమెదీ మా గూడెమే. మోచేతుల దాకా కాలి, గాజులతో పాటు తోలు ఊడివచ్చింది. "వీడు కిస్ కిస్ అన్నడు..." అని సార్ గొణిగాడు.

"కిస్ అంటె మంట సార్. పోరడు జెప్పిండు. మీకే సమజ్ గాలే," అంది ఆమె.

ఇంటికి వెళితే బాపు కొట్టాడు. "ఇగ గా మాట నీ నోట్లకెల్లి వస్తె పండ్లు రాలగొడ్త. తెలుగే మాట్లాడు." భయంతో కొట్టాడని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ తర్వాత నేను కొలామీ మానేశాను. తెలుగు రాని మా నానమ్మ నాతో సైగలు చేయడం మొదలుపెట్టింది.

వంటక్క ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను పిలిచి పొయ్యి వెలిగించమంది. వెలిగించాను. ఇదేమిటని కొలామీలో అడిగింది.

"మంట," అన్నాను.

కట్టు కట్టిన చేత్తో నా చెంప మీద కొట్టింది. నొప్పితో తనే వంగిపోయింది. "కాలింది నా చేతులు. నీ నాలుక గాదు గద," అని మళ్లీ చెయ్యెత్తింది. అది పడకముందే "కిస్" అన్నాను.

మా గూడెం పిల్లల్లో చాలామందికి ఇప్పుడు కొలామీ రాదు. సెలవు రోజుల్లో ముసలివాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, మాట, అర్థం, చెప్పినవారు అని మూడు వరుసల్లో రాస్తున్నాను. ఒక్కో మాటా రెండుసార్లు అడుగుతాను, ఆ వస్తువు చూపించమంటాను. "చెవుడా నీకు" అని విసుక్కుంటారు. నవ్వి మళ్లీ అడుగుతాను. తప్పుగా విన్న ఒక్క మాటకు ఎవరి చేతులు కాలుతాయో నేను చూశాను.